యంత్రాలు ఆడిన చదరంగం, మనుషులు కట్టిన జోడీలు

సూరత్ నగరంలో చదరంగం పోటీ జరిగే హాలులో అడుగుపెట్టిన వారిని మొదట ఆకర్షించేది బల్లలూ కాదు, పావులూ కాదు; గోడకు అంటించిన ఒక కాగితం. ప్రతి రౌండుకు ముందు పిల్లలూ, తల్లిదండ్రులూ దాని చుట్టూ మూగుతారు. ఎవరు ఎవరితో, ఏ బల్లపై, ఏ రంగు పావులతో ఆడాలో ఆ కాగితమే చెబుతుంది. దానిని తయారుచేసేది కంప్యూటరు. వజ్రాలకు సానపట్టే వారి బిడ్డకైనా, తెలంగాణ నుండి మరమగ్గాల పనికై వలసవచ్చి లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడిన నేతకారుని బిడ్డకైనా ఆ కాగితమే ఆనాటి జాతకం.

దానిని చూసి కొందరి ముఖాలు వికసిస్తాయి, మరికొందరివి వాడిపోతాయి. "మొదటి రౌండులోనే ఇంత పెద్ద ఆటగాడా! ఇందుకోసమేనా ఇంత రుసుము కట్టింది?" అన్న నిట్టూర్పు ప్రతి పోటీలోనూ వినబడేదే. ఆ నిట్టూర్పులో రెండు ప్రశ్నలున్నవి. జోడీలు కట్టే పద్ధతి న్యాయమైనదేనా? ఆ బల్ల ముందు కూర్చునే హక్కుకు వెల ఎంత ఉండాలి?

ఈ రెండు ప్రశ్నలనూ తేటగా పరిశీలించడానికి అనువైన రంగం ఒకటున్నది. అక్కడ ఆడేవారికి అలసట లేదు, భయం లేదు, అసూయ లేదు. అది కంప్యూటర్లు తమలో తాము ఆడుకున్న చదరంగం. మానవ దౌర్బల్యాలన్నిటినీ తొలగించినా జోడీల వివాదం, రుసుముల వివాదం తొలగిపోలేదంటే, లోపం ఆటగాళ్ళలో లేదని తేలిపోతుంది.

స్విస్ పద్ధతి

అందరితో అందరూ ఆడితే వివాదమే ఉండదు. కాని పదహారుమంది అలా ఆడాలంటే పదిహేను రౌండ్లు కావాలి. అంత వ్యవధి ఎవరికున్నది? ఈ చిక్కుకు పరిష్కారంగా 1895లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో ఒక పద్ధతి అమలులోకి వచ్చింది. అదే నేటి స్విస్ పద్ధతి. సమానమైన పాయింట్లున్నవారు పరస్పరం తలపడాలి. ఒకసారి ఆడినవారు మళ్ళీ ఎదురుపడకూడదు. తెల్లపావులు, నల్లపావులు వీలైనంత సమంగా పంచాలి. మొదటి రౌండులో అందరికీ పాయింట్లు సున్నాయే కనుక, బలాన్నిబట్టి జాబితా వ్రాసి దానిని రెండు సగాలుగా విడదీస్తారు. పదహారుమందిలో మొదటివాడు తొమ్మిదవవానితో, రెండవవాడు పదవవానితో ఆడతారు. క్రింది సగంలో ఉన్న బిడ్డకు మొదటనే పెద్ద ఆటగాడు ఎదురుకావడం ఎవరి కుట్రా కాదు, అది లెక్క.

ఆ లెక్కకు ఒక హద్దు కూడా ఉన్నది. పదహారుమందిలో, డ్రాలు లేకపోతే, నాలుగు రౌండ్లు ముగిసేసరికి ఓటమి ఎరుగనివాడు ఒక్కడే మిగులుతాడు. ప్రథముడు తేలిపోతాడు. కాని ద్వితీయుడెవరో తేలదు. నిజానికి ద్వితీయ స్థానానికి అర్హుడైనవాడు మొదటి రౌండులోనే ప్రథముని చేతిలో ఓడి ఉండవచ్చు. లేదా అతనిని ఒక్కసారైనా ఎదుర్కొనకుండానే పోటీ ముగిసిపోవచ్చు.

ఎదురుపడని వీరులు

సరిగా ఇదే 1974 ఆగస్టులో స్టాక్‌హోంలో జరిగింది. అది కంప్యూటర్ల ప్రప్రథమ ప్రపంచ చదరంగ పోటీ. పాల్గొన్నవి పదమూడు ప్రోగ్రాములు, రౌండ్లు నాలుగు. అందరి దృష్టీ రెండింటి మీదనే. ఒకటి మాస్కో శాస్త్రజ్ఞులు రూపొందించిన కైస్సా. రెండవది అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో పుట్టిన చెస్ 4.0. ఆ రోజులలో ఈ రెండు దేశాల నడుమ ఏ పోటీ అయినా కేవలం ఆటగా మిగిలేది కాదు. కైస్సా నడిచే యంత్రం మాస్కోలోనే ఉండిపోయింది. దాని ఎత్తులు టెలిఫోను ద్వారా స్టాక్‌హోం చేరేవి.

రెండవ రౌండులో చెస్ 4.0, కేయాస్ అనే మరొక అమెరికన్ ప్రోగ్రాము చేతిలో ఓడిపోయింది. అంతటితో రెండు అగ్రశ్రేణి ప్రోగ్రాముల దారులు వేరైనవి. కైస్సా నాలుగు ఆటలూ గెలిచి ప్రపంచ విజేత అయింది. కాని ఏ ఆటకోసం జనం ఎదురుచూశారో ఆ ఆట మాత్రం జరగనేలేదు! చివరకు పోటీ ముగిసిన తరువాత, ఫలితాలతో నిమిత్తం లేకుండా, రెండింటికీ ఒక ప్రదర్శన ఆట ఏర్పాటు చేశారు. అది డ్రా అయింది.

మూడేళ్ళ తరువాత, 1977లో, టొరాంటోలో చరిత్ర పునరావృతమైంది. ఈసారి పదహారు ప్రోగ్రాములు, మళ్ళీ నాలుగే రౌండ్లు. మొదటి రౌండులోనే కైస్సా, డచెస్ అనే ప్రోగ్రాముతో ఆడుతూ, అకారణంగా తన ఏనుగును బలి ఇచ్చినట్లు కనబడింది. చూపరులలో పూర్వ ప్రపంచ విజేత బాట్విన్నిక్ కూడా ఉన్నాడు. యంత్రంలో ఏదో లోపం తలెత్తిందని అందరూ తలపోశారు. తరువాత పరిశీలిస్తే తెలిసిందేమిటంటే, ఏనుగును ఇవ్వకపోతే ప్రత్యర్థి మంత్రిని త్యాగం చేసి రాజును కట్టివేసే మార్గమున్నది. మనుషులు గమనించని ఆ ప్రమాదాన్ని యంత్రం ముందే కనిపెట్టింది! అయినా ఆట మాత్రం పోయింది. చెస్ 4.6 నాలుగు ఆటలూ గెలిచి విజేత అయింది. కైస్సాతో దాని పోరు మళ్ళీ ప్రదర్శన ఆటగానే జరిగింది. అందులోనూ చెస్ 4.6 నెగ్గింది.

రెండు పోటీలలోనూ ఎవరూ మోసం చేయలేదు. నియమం తప్పలేదు. అయినా జనం మనసులో ఒక వెలితి మిగిలిపోయింది.

పాయింట్లు సమానమైతే?

1980లో ఆస్ట్రియాలోని లింజ్ నగరంలో బెల్, కేయాస్ ప్రోగ్రాములు సమానంగా నిలిచినప్పుడు మరొక ఆట ఆడించి బెల్‌ను విజేతగా నిర్ణయించారు. 1986లో జర్మనీలోని కొలోన్ నగరంలో ఐదు రౌండ్ల అనంతరం నాలుగు ప్రోగ్రాములు నాలుగేసి పాయింట్లతో సమానమైనవి. ఈసారి అదనపు ఆట లేదు. ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ పాయింట్లు సంపాదించారో లెక్కకట్టి, క్రే బ్లిట్జ్‌కు కిరీటం ఇచ్చారు. బలవంతులతో తలపడి సంపాదించిన పాయింటుకు విలువ ఎక్కువ అన్నదే ఆ లెక్కలోని ధర్మం. కాని తనకు బలవంతుడు తగలడం, తగలకపోవడం ఆటగాని చేతిలో ఉన్నదా? అది మళ్ళీ ఆ గోడమీది కాగితం చేతిలోనే ఉన్నది.

వెల ఎవరికెంత?

ఇక రెండవ ప్రశ్న. ప్రపంచ పోటీలకు ప్రోగ్రాములను తెచ్చేవారిలో రెండు తెగలవారుండేవారు. ఒకరు చదరంగపు యంత్రాలను, ప్రోగ్రాములను అమ్ముకునే వ్యాపారులు. విజేత అన్న బిరుదు వారికి గొప్ప ప్రకటన. మరొకరు రాత్రివేళల్లో తమ గదిలో కూర్చుని ప్రోగ్రాము వ్రాసుకునే ఔత్సాహికులు. వారికి దక్కేది తృప్తి మాత్రమే. ఇరువురినుండి ఒకే రుసుము వసూలు చేయడం చూడడానికి సమానత్వమే కాని న్యాయం కాదు. అందుకే నిర్వాహకులు ఔత్సాహికులకు తక్కువ, వృత్తినిపుణులకు ఎక్కువ రుసుము నిర్ణయించారు. అయినా అసలు భారం రుసుము కాదు, ప్రయాణమూ, బసానూ. ప్రోగ్రాముతోపాటు దానిని నడిపే మనిషి కూడా పోటీస్థలానికి రావలసిందే.

2010లో ప్రారంభమైన టీసీఈసీ అనే పోటీ ఈ ముడిని మరొక విధంగా విప్పింది. ప్రవేశ రుసుము లేదు, ప్రయాణం లేదు, ప్రోగ్రాములన్నీ నిర్వాహకుల యంత్రాలపైనే ఆడతాయి. ఒకే ప్రారంభ స్థితిని ఇరుపక్షాలూ ఒకసారి తెల్లపావులతో, ఒకసారి నల్లపావులతో ఆడవలసి ఉంటుంది. అందువలన ప్రారంభం ఒక పక్షానికి అనుకూలమైనదైనా అన్యాయం జరగదు. స్వచ్ఛంద సేవకులు నిర్మించి, లోకానికి ఉచితంగా అందించిన స్టాక్‌ఫిష్ ఇక్కడనే అనేక పర్యాయాలు విజేతగా నిలిచింది. స్టాక్‌హోంలో మొదలైన పాత ప్రపంచ పోటీలో మాత్రం అది ఏనాడూ పాల్గొనలేదు. ఆ పాత పోటీ సంప్రదాయం 2024తో ముగిసింది. ఒకనాడు ఇద్దరు వీరులను జోడీల పట్టిక వేరుచేసింది. చివరి రోజులలో వీరుడు ఒకచోట, బిరుదు మరొకచోట ఉండిపోయినవి.

తిరిగి ఆ కాగితం ముందు

సూరత్ హాలులోని తల్లిదండ్రులకు ఈ చరిత్ర ఏమి చెబుతుంది? జోడీల విషయంలో వారు కొంత ఊరట చెందవచ్చు. ఏ పద్ధతీ పరిపూర్ణం కాదు. కాని నియమం ముందే ప్రకటించి, అందరికీ ఒకే విధంగా వర్తింపజేస్తే, దురదృష్టం ఉండవచ్చునేమో కాని పక్షపాతం ఉండదు.

రుసుము సంగతి వేరు. అది లెక్క కాదు, మనుషుల నిర్ణయం. మన దేశపు బహిరంగ పోటీలలో పెద్ద బిరుదులున్న ఆటగాళ్ళకు సాధారణంగా రుసుము ఉండదు. బహుమతి ధనంలో గణనీయమైన భాగం సమకూరేది జాబితా అడుగున ఉన్నవారు చెల్లించిన రుసుములతోనే. పైవారు రావడంవలన పోటీకి వన్నె వస్తుందన్నది నిజమే. వారితో ఆడడం చిన్నవారికి పాఠమన్నదీ నిజమే. కాని ఒకరోజు మగ్గం ఆగితే ఆరోజు కూలి ఆగిపోయే ఇంటికి ఆ పాఠం ఎంత ఖరీదో నిర్వాహకులు ఆలోచించాలి. వయసులవారీగా, రేటింగు లేని వారికి విడిగా ఇచ్చే బహుమతులు ఆ ఋణాన్ని కొంత తీరుస్తాయి. పేద పిల్లలకు రుసుము తగ్గించడం మరికొంత తీరుస్తుంది.

యంత్రానికి ఓటమి బాధ తెలియదు. ప్రయాణ ఖర్చూ తెలియదు. ఆ రెండూ తెలిసిన పిల్లవాడు గోడమీది కాగితంలో తన పేరు వెదుక్కుంటున్నాడు. ఆ పేరు ఎవరి ఎదుట ఉండాలో కంప్యూటరు నిర్ణయించవచ్చు. అసలు ఆ కాగితంలో పేరు ఉండడమా, లేకపోవడమా అన్నది మాత్రం మనుషులే నిర్ణయించాలి.