అన్నీ పచ్చ చుక్కలే... డబ్బు మాత్రం పడలేదు!

"బాబూ, మీ కంప్యూటర్‌లో నా బిల్లు ఎక్కడుందో కాస్త చూసి చెప్తావా?"

రెండేళ్ల కిందట ఓ మధ్యాహ్నం వచ్చిన ఫోన్ ఇది. ఆయనకి నా నంబర్ ఎవరిచ్చారో ఇప్పటికీ తెలీదు. మా క్లయింట్‌కి రెండు ఫ్యాక్టరీలు. రెండోదానికి ఆయన ప్యాకింగ్ కోసం పాలిథిన్ కవర్లు సప్లై చేస్తారు. పద్నాలుగు మంది పనిచేసే చిన్న యూనిట్. సరుకు దించి రెండున్నర నెలలైనా డబ్బు పడలేదు. స్టోర్స్‌లో అడిగితే 'సిస్టమ్‌కి ఎక్కించేశాం' అంటున్నారు. అకౌంట్స్‌లో అడిగితే 'సిస్టమ్‌లో ఉంది, వస్తుంది' అంటున్నారు. ఇంకొకరైతే సిస్టమ్‌ని తిట్టుకుని ఊరుకునేవారేమో. ఈయన ఆ సిస్టమ్ పెట్టినవాణ్ణే వెతుక్కుంటూ వచ్చారు.

పెట్టింది నేనే.

లాగిన్ అయి చూశా. బిల్లు ఉంది. పక్కన పచ్చ చుక్క, 'ప్రాసెస్‌లో ఉంది' అని. ఎర్రర్ ఏమీ లేదు. ఆ బిల్లుతో పాటు ఇంకో అరవై బిల్లులు అదే పచ్చ చుక్కతో, అదే మెట్టు మీద కూర్చుని ఉన్నాయి.

ఏం జరిగిందో చెప్పేముందు మా పని గురించి రెండు ముక్కలు. ఏ కంపెనీలోనైనా పని ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెళ్తుంది. ఎవరో సరుకు కావాలంటారు. ఇంకొకరు ఆర్డర్ పెడతారు. గేటు దగ్గర లారీ ఆగుతుంది, స్టోర్స్‌వాళ్లు చూసి దించుకుంటారు, బిల్లు అకౌంట్స్‌కి చేరుతుంది, డబ్బు పడుతుంది. ఈ వరసే బిజినెస్ ప్రాసెస్. దాన్ని బొమ్మగా గీస్తే ప్రాసెస్ మోడల్. గీయడానికి అందరూ ఒప్పుకున్న ఒక భాష కూడా ఉంది. పేరు బీపీఎమ్ఎన్. 2004లో మొదటి వెర్షన్, 2011లో రెండోది వచ్చాయి. 2013లో ఐఎస్ఓ ప్రమాణమైంది. అందులో చిన్న సున్నా చుడితే మొదలు. మూలలు నున్నగా ఉన్న పెట్టె అంటే ఒక పని. డైమండ్ గుర్తు దగ్గర దారి చీలుతుంది. ఈత కొలనులో ఉన్నట్టు లేన్లుంటాయి. ఒక్కో లేన్ ఒక్కో మనిషిది, లేదా ఒక్కో డిపార్ట్‌మెంట్‌ది.

అమీర్‌పేటలో ఎస్‌ఏపీ ఎమ్ఎమ్ కోర్సు చేసినవాళ్లకి ఈ వరస ఎక్కాల్లాగా కంఠతా వచ్చు. పీఆర్, పీవో, జీఆర్, ఐఆర్, పేమెంట్. నేనూ ఇంటర్వ్యూలో అలాగే ఒప్పజెప్పి ఉద్యోగం తెచ్చుకున్నా. ఈ వరసలో ముఖ్యమైన చోటు ఒకటుంది. ఆర్డర్ కాగితం, సరుకు అందిన కాగితం, సప్లయర్ పంపిన బిల్లు, మూడూ ఒకదానితో ఒకటి సరిపోవాలి. సరిపోతే డబ్బు. లేకపోతే బిల్లు ఆగి, ఎవరో ఒక మనిషి చూసి తేల్చాలి.

పెద్దమ్మ నోట్‌బుక్

మా అక్క పెళ్లికి పెద్దమ్మ ఒక నోట్‌బుక్ రాసింది. ఎవరెవర్ని పిలవాలి, ఏ రోజు ఏం తేవాలి, వంటవాళ్లకి ఎంత అడ్వాన్స్ ఇవ్వాలి, అన్నీ అందులోనే. పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. మూడేళ్ల తర్వాత అన్నయ్య పెళ్లికి అదే పుస్తకం మా బాబాయ్ చేతికొచ్చింది. లిస్టు ప్రకారం అన్నీ తెప్పించాడు. అక్క పెళ్లి మే నెలలో. అన్నయ్యది మాఘమాసంలో, తెల్లవారుజాము నాలుగింటి ముహూర్తం. శాలువాలు కప్పుకుని వణుకుతున్న చుట్టాల మధ్యకి ఆరు ఐసు దిమ్మలు దిగాయి!

పుస్తకంలో రాసిందంతా కరెక్టే. 'ఎండాకాలం కాబట్టి' అన్న ముక్క మాత్రం పెద్దమ్మ రాయలేదు. ఎండలో నిలబడి రాస్తున్న మనిషికి ఆ సంగతి విడిగా రాయాలని ఎందుకు తోస్తుంది?

మా ఫీల్డ్ మొత్తం ఈ నోట్‌బుక్ మీదే నడుస్తోంది. 1972లో జర్మనీలో ఐబీఎం నుంచి బయటికొచ్చిన ఐదుగురు ఇంజనీర్లు ఎస్‌ఏపీ పెట్టారు. వాళ్ల మొదటి క్లయింట్ ఐసీఐ కంపెనీ నైలాన్ ఫ్యాక్టరీ. అప్పట్లో ప్రతి కంపెనీకీ ప్రోగ్రాములు మొదట్నుంచీ రాసేవాళ్లు. ఒకచోట రాసిందాన్ని అందరికీ పనికొచ్చేలా మలిచి అమ్మొచ్చన్నది వీళ్ల ఆలోచన. కొనడం, అమ్మడం, జీతాలివ్వడం ఏ కంపెనీలోనైనా ఉండేవే కదా? ఆ ఆలోచన ఎంత దూరం వెళ్లిందో ఇప్పుడు చెప్పక్కర్లేదు, మన వాళ్ల వీసాలే చెప్తాయి. తర్వాత వాళ్లు ఏ పని ఎలా జరగాలో గీసిన బొమ్మల సంపుటి కూడా తయారుచేశారు. రిఫరెన్స్ మోడల్ అంటారు. చూసి మీ కంపెనీకి తగ్గట్టు వాడుకోండి అని.

నేను చేసింది అదే, చిన్న స్థాయిలో. మొదటి ఫ్యాక్టరీలో కొనుగోళ్ల ప్రాసెస్ గీసి, సిస్టమ్‌లో పెట్టడానికి ఐదు నెలలు పట్టింది. చక్కగా నడిచింది. రెండో ఫ్యాక్టరీకి కాపీ చేశా. పదకొండు రోజుల్లో అయిపోయింది. మా మేనేజర్ ఆ 'పదకొండు రోజులు' అన్న మాటని స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో వేయించాడు. నాకు అవార్డు కూడా ఇచ్చారు, ఒక గిఫ్ట్ వోచర్.

తెరవని ఇన్‌బాక్స్

ఇప్పుడు ఆ పచ్చ చుక్కల దగ్గరికి వద్దాం. ఆ అరవై ఒక్క బిల్లుల్లో మూడు కాగితాలూ సరిపోలేదు. అలాంటప్పుడు బిల్లు 'పర్చేజ్ ఆఫీసర్' లేన్‌లోకి వెళ్లాలని బొమ్మలో ఉంది. మొదటి ఫ్యాక్టరీలో ఆ సీట్లో ఒక మేడమ్ ఉన్నారు, సాయంత్రంలోపు తేల్చేస్తారు. రెండో ఫ్యాక్టరీలో ఆ పోస్టే లేదు. కొనుగోళ్లు ప్లాంట్ మేనేజరే చూసుకుంటారు. మరి బిల్లులు ఎవరి దగ్గరికి వెళ్తున్నాయని చూస్తే, ఆ లేన్‌లో ఒక యూజర్ ఐడీ ఉంది. టెస్టింగ్ కోసం నేను తయారుచేసి, తీసేయడం మర్చిపోయినది.

అరవై ఒక్క బిల్లులూ నా ఇన్‌బాక్స్‌లోనే ఉన్నాయి. నేను ఎప్పుడూ తెరవని ఇన్‌బాక్స్‌లో.

సిస్టమ్ ఎందుకు అరవలేదు అని మీరు అడగొచ్చు. ఎదురుచూడటం దాని దృష్టిలో తప్పు కాదు. ఒక మనిషి జవాబు కోసం ఆగమన్నాం, ఆగింది. ఈ రకం పొరపాట్ల మీద బోలెడు పరిశోధన జరిగింది. ఎస్‌ఏపీ రిఫరెన్స్ మోడల్‌లోని 604 బొమ్మల్ని యూరప్ పరిశోధకులు కంప్యూటర్‌తో పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. కనీసం 34 బొమ్మల్లో తప్పులున్నాయి. అవి సాఫ్ట్‌వేర్‌ని నడిపే కోడ్ కావు, మనుషులు చదువుకోవడానికి గీసినవి, కాబట్టి కొంపలేం మునగలేదు. ఇలాంటి బొమ్మల్లో దొరికే ఒక మామూలు తప్పు ఎలా ఉంటుందంటే, ముందు 'ఇదో అదో' అని దారి చీలుస్తారు. కింద ఎక్కడో 'ఇదీ అదీ రెండూ వస్తేనే' ముందుకి అని కలుపుతారు. ఒక దారి నుంచే మనిషి వస్తాడు. రెండో మనిషి కోసం అక్కడ నిలబడి ఉంటాడు, ఎప్పటికీ. విడిగా చూస్తే ప్రతి పెట్టె కరెక్టే.

లేన్‌లో ప్లాంట్ మేనేజర్ ఐడీ పెట్టా. ఆయన ఒక్క రోజులో అన్నీ చూసి ఓకే చేశారు. టికెట్ క్లోజ్ చేసేయమన్నారు మావాళ్లు. క్లోజ్ చేశా కూడా. కానీ ఆ వారంలోనే ఇంకో తొమ్మిది బిల్లులు అదే చోట ఆగాయి. ఈసారి చూసే మనిషి ఉన్నాడు కాబట్టి కదిలాయి. మరి మూడు కాగితాలు ప్రతిసారీ ఎందుకు సరిపోవట్లేదు? రాత్రి బస్సెక్కి వెళ్లా.

కవర్ల లోడు అక్కడికి ఎక్కువగా రాత్రి షిఫ్టులోనే వస్తుంది. స్టోర్స్‌లో ఒక పెద్దాయన, ఇరవై ఏళ్ల సర్వీసు. లారీ కాటా మీదికి వెళ్లింది, చీటీ ప్రింటయింది, కిలోల్లో. తర్వాత ఆయన బండిళ్లు లెక్కపెట్టి, చీటీ వెనక్కి తిప్పి, పెన్నుతో పీసులు రాశారు. మొదటి ఫ్యాక్టరీలో కవర్లు పీసుల లెక్కన కొంటారు. ఇక్కడ కిలోల లెక్కన. నేను కాపీ చేసిన ఆర్డర్ ఫారంలో యూనిట్ 'పీసులు' అని ముందే నింపి ఉంది. స్టోర్స్‌వాళ్లు పదివేల పీసులని ఎక్కించేవాళ్లు, బిల్లు మూడొందల చిల్లర కిలోలకి వచ్చేది. సరిపోతే ఆశ్చర్యపోవాలి.

మరి కంప్యూటర్ రాకముందు ఎలా నడిచింది? అకౌంట్స్‌లో గుమస్తా చీటీని రెండువైపులా చదివేవాడు. మేం స్కానర్ పెట్టించాం. స్కాన్‌లో ముందువైపే వస్తుంది.

"మమ్మల్ని అడిగితే చెప్పేవాళ్లం కదా సార్" అన్నారాయన, టీ గ్లాసు నా చేతికిస్తూ. కోపంగా కూడా అనలేదు.

1980ల్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ఇదే మూడు కాగితాల గొడవతో సతమతమైంది. ఉత్తర అమెరికాలో బిల్లులు చెల్లించే విభాగంలో 500 మందికి పైగా ఉండేవాళ్లు. మాజ్డాలో అదే పని ఐదుగురు చేస్తున్నారని తెలిసి నోరెళ్లబెట్టారు. మాజ్డా చిన్న కంపెనీయే, కానీ మరీ అంత తేడానా! మైకేల్ హ్యామర్ 1990లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంతో ఈ కథ ప్రసిద్ధమైంది. అంతకుముందు గుమస్తాలు మూడు కాగితాల్లో 14 వివరాలు పోల్చేవాళ్లు. ఫోర్డ్ బిల్లు అనే కాగితాన్నే తీసేసింది. సరుకు దిగేచోటే కంప్యూటర్‌లో ఆర్డర్‌తో సరిచూసి, సరిపోతే తీసుకోవడం, లేదంటే వెనక్కి పంపడం. సరిచూడాల్సినవి మూడే మిగిలాయి. పార్టు నంబర్, కొలత యూనిట్, సప్లయర్ కోడ్. సిబ్బంది నాలుగో వంతుకి తగ్గారు. పోయిన ఉద్యోగాల సంగతి ఈ కథ చెప్పేవాళ్లు పెద్దగా ఎత్తరు. నా కళ్లు మాత్రం రెండో అంశం దగ్గర ఆగిపోయాయి. కొలత యూనిట్. 14లో 11 పీకేసినా దాన్ని వదల్లేకపోయారు.

ఎవరు మారాలి?

కాపీ చేసిన ప్రాసెస్ కొత్తచోట అతకకపోతే ఎవరు మారాలి, సాఫ్ట్‌వేరా, మనుషులా? కన్సల్టెంట్లు రెండోదే అంటారు, అందులో న్యాయం కూడా ఉంది. జర్మన్ సూపర్‌మార్కెట్ కంపెనీ లిడ్ల్ 2011లో ఎస్‌ఏపీ ప్రాజెక్టు మొదలుపెట్టి 2018లో ఆపేసింది. దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని పత్రికలు రాశాయి. చెప్పిన కారణాల్లో ఒకటి వింటే చాలా చిన్నదనిపిస్తుంది. లిడ్ల్ తన స్టాకుని కొన్న ధరలో లెక్కేస్తుంది. స్టాండర్డ్ సాఫ్ట్‌వేర్ అమ్మే ధరలో లెక్కేస్తుంది. కంపెనీ తన అలవాటు మార్చుకోలేదు, సాఫ్ట్‌వేర్‌ని తనకి తగ్గట్టు మార్పిస్తూ పోయింది.

అలాగని అన్నిచోట్లా మనుషులే మారాలంటే నేను ఒప్పుకోను. నెదర్లాండ్స్‌లో పది మునిసిపాలిటీల ప్రాసెస్‌లని పరిశోధకులు పక్కపక్కన పెట్టి చూశారు. చట్టం ఒకటే, ఇచ్చే సేవలూ ఒకటే, అయినా ఒక్కోచోట పని ఒక్కోలా జరుగుతోంది. అందరి మెడలూ వంచే బదులు, ఒకే మోడల్‌లో 'ఇక్కడ మీరే ఎంచుకోవాలి' అని గుర్తులు పెట్టడం ఒక దారి. కాన్ఫిగరబుల్ మోడల్స్ అంటారు. నోట్‌బుక్‌లో ఐసు దిమ్మల పక్కన 'ఏ నెల?' అని ఒక ఖాళీ ఉంచడం లాంటిది.

మా కవర్ల విషయంలో మారాల్సింది సాఫ్ట్‌వేరే. కిలోకి ఇన్ని పీసులని ఒక లెక్క పెట్టేద్దామనుకున్నా మొదట. కవర్ మందం మైక్రాన్లలో మారినప్పుడల్లా ఆ లెక్కా మారిపోతుంది. అందుకే ఆర్డర్ కిలోల్లోకి మార్చి, సరుకు అందిన స్క్రీన్‌లో రెండు గళ్లు పెట్టా, కిలోలకి ఒకటి, పీసులకి ఒకటి. స్కానర్ రెండువైపులా తీస్తుంది. ఇప్పుడు నా టెంప్లేట్‌లో యూనిట్, తేల్చే మనిషి పేరు ఖాళీగా ఉంటాయి, నింపకపోతే ఇన్‌స్టాల్ అవదు. ఇంకొకటి, రోజూ ఉదయం సిస్టమ్ లాగ్ తీసి చూస్తా. బిల్లు నంబర్, మెట్టు, టైమ్, ఈ మూడు కాలమ్‌లు చాలు. ఏ బిల్లు ఏ మెట్టుకి వెళ్లి తిరిగి రాలేదో ఎక్సెల్‌లోనే కనిపిస్తుంది. పెద్ద కంపెనీలు ఇదే పనికి ప్రాసెస్ మైనింగ్ టూల్స్ కొంటాయి.

ఆయన బిల్లు 79వ రోజున పాసైంది. 2006 నాటి ఎమ్ఎస్ఎమ్ఈ చట్టం ప్రకారం చిన్న యూనిట్‌కి 45 రోజులు దాటకుండా కట్టాలి, దాటితే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ ఇవ్వాలి. ఫోన్‌లో ఆ మాట అంటే నవ్వారు.

"వడ్డీ అడిగితే వచ్చే ఏడాది ఆర్డర్ ఉండదు బాబూ. ఆ రెండు నెలలు జీతాలకి మా ఆవిడ గాజులు పెట్టాం. విడిపించేశాంలే."

మూడో ఫ్యాక్టరీ పని వచ్చే నెల మొదలవుతుంది. ప్లాన్‌లో పదకొండు రోజులే రాశారు. నేను దాన్ని నెలన్నర చేసి పంపితే, 'ఎందుకు?' అని మెయిల్ వచ్చింది. జవాబు ఇంకా రాయలేదు. అక్కడ రాత్రి షిఫ్టు స్టోర్స్‌లో ఎవరుంటారో మాత్రం కనుక్కున్నా.