ఇంటిలో చలనచిత్రధ్వని: సౌండుబారా, చుట్టును స్పీకర్లా?

కన్నులు మూసికొని కూర్చున్నవాడు సైతము వీధిలో మ్రోగిన సైకిలు గంట ఏ దిక్కున మ్రోగినదో చెప్పగలడు. మనుష్యునికి చెవులు రెండే. అవి కంటివలె తిరుగవు, గురిపెట్టవు. అయినను దిక్కు తెలియుచున్నది. నేడు అంగళ్ళలో టెలివిజనుతోపాటు అమ్ముచున్న సౌండుబారు మంచిదా, గదిచుట్టును అమర్చు ఐదారు స్పీకర్ల సెట్టు మంచిదా అని అడుగువారు మొదట తెలిసికొనవలసినది ఈ చెవుల సంగతియే. వెల, వాట్లు, పెట్టెపై అచ్చువేసిన అంకెలు తరువాతి మాట.

20 డిగ్రీల సెంటీగ్రేడు ఉష్ణోగ్రతలో ధ్వని గాలియందు సెకనుకు 343 మీటర్ల వేగముతో పయనించును. కుడిప్రక్కనుండి వచ్చు ధ్వని ముందుగా కుడి చెవిని చేరి, తలను చుట్టి, పిదప ఎడమ చెవిని చేరును. ఈ ఆలస్యము ఎంత హెచ్చుగా ఉన్నను సుమారు 0.65 మిల్లీసెకను, అనగా సెకనులో పదునైదువందలవ వంతు మాత్రమే. మెదడు ఈ స్వల్పవ్యవధిని గుర్తించి దిక్కును నిర్ణయించుచున్నది. ఇది నమ్మశక్యము కానివారు తరగతిలోనే పరీక్షించి చూడవచ్చును. మీటరు పొడవుగల సన్నని రబ్బరు గొట్టమును విద్యార్థి వీపువెనుకగా పోనిచ్చి, దాని రెండు కొనలను అతడు రెండు చెవులకు ఆనించుకొనవలెను. మరియొకడు వెనుక నిలిచి గొట్టముపై పెన్సిలుతో మెల్లగా తట్టవలెను. సరిగా నడుమ తట్టినప్పుడు ధ్వని తల మధ్యనుండి వచ్చినట్లుండును. నడుమనుండి 2 సెంటీమీటర్లు కుడికి జరిగి తట్టినచో ఎడమవైపు దారి 4 సెంటీమీటర్లు అధికమగును, ఆలస్యము 0.12 మిల్లీసెకను. విద్యార్థి వెంటనే కుడిచేయి ఎత్తును.

కాలభేదము మంద్రస్వరములకు మాత్రమే బాగుగా పనికివచ్చును. తారస్వరముల తరంగములు పొట్టివి. 4000 హెర్ట్జుల తరంగము పొడవు 8.6 సెంటీమీటర్లే కనుక తల దానికి అడ్డు నిలిచి అవతలి చెవిపై నీడ వేయును. అచట దిక్కును తెలుపునది తీవ్రతలోని భేదము. ఈ రెండు మార్గములను వేరుచేసి వివరించినవాడు ఆంగ్ల శాస్త్రవేత్త లార్డు రాలీ, సంవత్సరము 1907. ఇక ధ్వని ముందునుండి వచ్చినదా, వెనుకనుండియా, పైనుండియా అన్నది చెవిడొప్పల ముడుతలు చెప్పును. అవి ఒక్కొక్క దిక్కునుండి వచ్చు తారస్వరములను ఒక్కొక్క రీతిగా మార్చును. ఏ ఇద్దరి చెవిడొప్పలును ఒకేరీతిగా ఉండవు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. సౌండుబారు చిక్కులలో సగము దీనినుండియే పుట్టినవి.

రెండు చానెళ్ళ ధ్వనికి పునాది వేసిన పేటెంటును బ్రిటనులో ఆలన్ బ్లూమ్లెయిన్ 1931లో దాఖలు చేసెను. 1940లో వెలువడిన డిస్నీవారి ఫాంటేసియా చిత్రమును కొన్ని థియేటర్లలో అనేక స్పీకర్లతో ప్రదర్శించిరి. 1992 నుండి డాల్బీ డిజిటలు పద్ధతి థియేటర్లకు, తరువాత ఇండ్లకు వచ్చినది. నేడు ఇంట వాడు సెట్టును 5.1 అని పిలుచుదురు. చూచువానికి ఎదుట ఒక స్పీకరు, దానికి ఇరుప్రక్కల 30 డిగ్రీల కోణములో రెండు, వెనుకకు వాలి 110 డిగ్రీల ప్రాంతమున రెండు, మొత్తము ఐదు. చుక్క తరువాతి ఒకటి 120 హెర్ట్జులకు దిగువనున్న మంద్రధ్వనులకు ప్రత్యేకించిన చానెలు.

నడిమి స్పీకరు ఎందులకు? కుడియెడమల రెండింటినుండి ఒకే ధ్వనిని పంపినచో అది మధ్యనుండి వచ్చినట్లు భ్రాంతి కలుగును గదా అని కొందరందురు. నిజమే, కాని సరిగా నడుమ కూర్చున్నవానికి మాత్రమే. ఇంటిలో నడిమి కుర్చీ ఒక్కటే. ఎడమ స్పీకరుకు ఒక మీటరు చేరువగా కూర్చున్నవానికి దాని ధ్వని సుమారు 3 మిల్లీసెకనులు ముందుగా చేరును. ముందుగా వచ్చిన ధ్వని దిక్కునే మెదడు స్వీకరించును. 1949లో హెల్మట్ హాస్ పరీక్షించి చూపిన సంగతి యిది. అందువలన నాయకుడు తెర నడుమ నిలిచి మాటాడుచున్నను మాటలు గది ఎడమ మూలనుండి వచ్చును. నడిమి స్పీకరు ఉన్నచో అందరికిని మాటలు తెరనుండియే వచ్చును. సంభాషణలన్నియు సాధారణముగా ఆ చానెలులోనే ఉండును.

పలుచని టెలివిజనులలో స్పీకర్లు క్రిందికో వెనుకకో తిరిగియుండును. ముందు చోటు తెరకే సరిపోవును. పైగా చిన్న శంఖువు మంద్రధ్వనిని పుట్టింపలేదు. పౌనఃపున్యము సగమైనప్పుడు, అదే తీవ్రత నిలుపుటకు శంఖువు నాలుగు రెట్లు దూరము కదలవలెను. వ్రేలెడు మందముగల పెట్టెలో అంత కదలికకు తావేది? సౌండుబారు పుట్టుకకు కారణమిదే. అది తెరక్రింద అడ్డముగా పెట్టు పొడవైన పెట్టె. ఒక్క తీగతో టెలివిజనుకు కలియును. కాని ఆ పేరుతో భిన్నమైన వస్తువులు అమ్ముచున్నారు. కొన్నింటిలో కుడియెడమలు మాత్రమే కలవు. కొన్నింటిలో నడిమి స్పీకరు కూడ కలదు. మరికొన్ని, వెనుక స్పీకర్లు లేకయే వెనుక ధ్వనిని వినిపింతుమని చెప్పును.

ఈ చివరి మాటలో కొంత నిజము కలదు. అనేకమైన చిన్న స్పీకర్లను వరుసగా పేర్చి, ఒక్కొక్కదానికి ధ్వనిని కొంచెము ఆలస్యముగా పంపినచో, తరంగములు ఒకప్రక్కకు ఏటవాలుగా మరలి పుంజమువలె పోవును. స్పీకర్ల నడుమ దూరము 4 సెంటీమీటర్లు, ఆలస్యము 0.06 మిల్లీసెకను అనుకొందము. అంత కాలములో ధ్వని 2.06 సెంటీమీటర్లు నడచును. దానిని 4 చేత భాగించిన 0.51 వచ్చును. ఏ కోణపు సైను 0.51? సుమారు 31 డిగ్రీలు. పుంజము అంత కోణమున ప్రక్కగోడకు పోయి తాకి, ప్రతిఫలించి శ్రోతను ప్రక్కనుండి చేరును. 2000 దశకము నడుమ యమహావారు నలుబది చిన్న స్పీకర్లతో ఇట్టి పరికరమును తెచ్చిరి. కాని తరంగము వరుస పొడవుకంటె పెద్దదైనచో పుంజము ఏర్పడదు. మీటరు పొడవుగల బారులో 343 హెర్ట్జులకు దిగువనున్న ధ్వని అన్ని వైపులకు చెదరిపోవును. ప్రతిఫలించుటకు గోడయు ఉండవలెను. ఒకవైపు వరండాకు తెరచియున్న హాలులో ఆ పుంజము తిరిగి రాదు. పైకప్పుకు కొట్టి ఎత్తునుండి వినిపించు బారులదియు ఇదే గతి. సమతలమైన స్లాబు క్రింద అవి పనిచేయును. పెంకుటింటి వాలుకప్పు క్రింద అంగడివాడు చెప్పిన ఫలము కనబడదు.

ఇంకొక ఉపాయము, కుడి స్పీకరునుండి ఎడమ చెవికి చేరు ధ్వనిని ఎదురు తరంగముతో చంపివేయుట. దీనిని 1960 దశకములో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, భారతీయుడైన బిష్ణు అటల్ రూపొందించిరి. తల కదలనంతవరకు ఫలితము అద్భుతము. తల కొంచెము ప్రక్కకు జరిగినచో ఎదురు తరంగము గురి తప్పును. ఒక కుటుంబము తలలు కదల్చక రెండున్నర గంటలు కూర్చుండుట జరుగని పని.

ఇంతకును, కొన్న వస్తువు సగము, గది సగము. 4 మీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు, 3 మీటర్ల ఎత్తుగల గది ఘనపరిమాణము 42 ఘనమీటర్లు. గోడలు, నేల, కప్పు కలిపి 73 చదరపు మీటర్లు. సున్నపు గోడలు, పలకల నేల తమపై పడిన ధ్వనిలో నూటికి ఐదు పాళ్ళు పీల్చునని లెక్కించినచో, మొత్తము శోషణము 3.65. అమెరికాలో వాలెసు సేబైను పందొమ్మిదవ శతాబ్దాంతమున, ఉపన్యాసశాలలో కుర్చీ మెత్తలు పరచి పరీక్షించి కనుగొన్న సూత్రము ప్రకారము, ఘనపరిమాణమును 0.161 చేత గుణించి శోషణముచే భాగింపవలెను. ఫలము 1.85 సెకనులు. అనగా ఒక మాట అణగకముందే తరువాతి మాటలు దానిపై వచ్చి పడును. దళసరి తెరలు, జంఖానా, దూది పరుపు, పుస్తకముల బీరువా చేర్చి శోషణమును 13కు పెంచినచో అది 0.52 సెకనుకు దిగును. అదనముగా నాలుగు స్పీకర్లు కొనుటకంటె ఒక జంఖానా మేలు చేయు ఇండ్లు కలవు.

మాట తెలియకపోవుట చిన్న విషయము కాదు. వయస్సు మీరినకొలది చెవి మొదట కోల్పోవునది తారస్వరములనే. స, శ, త, ప వంటి హల్లుల గుర్తులు ఆ భాగములోనే ఉన్నవి. అందుకే తాతగారికి ధ్వని వినబడును, మాట తెలియదు. ఆయన ధ్వనిని పెంచుమనును, చదువుకొను మనుమడు తగ్గించుమనును. అట్టి ఇంటికి కావలసినది చుట్టును తిరుగు హెలికాప్టరు చప్పుడు కాదు. నడిమి స్పీకరు, దాని ధ్వనిని మాత్రమే పెంచు వీలు. నడిమి చానెలుగల సౌండుబారు ఈ పనిని చక్కగా చేయును. వార్తలు, ధారావాహికలు హెచ్చుగా చూచు ఇంటికి అది చాలును. 1957 నాటి మాయాబజారు వంటి పాత చిత్రములలో మూలధ్వని ఒకే చానెలు. దానికి ఐదు స్పీకర్లున్నను మేలు కలుగదు. ఇక వాట్లను చూచి మోసపోరాదు. వాట్లు రెట్టింపైన హెచ్చునది 3 డెసిబెళ్ళే. చెవికి రెట్టింపు తోచవలెనన్న సుమారు పదిరెట్లు వాట్లు కావలెను.

కొత్త చిత్రములను శ్రద్ధతో చూచువారికి, గది వారి స్వంతమై తీగలు నడపుటకు వీలున్నచో, చుట్టు స్పీకర్ల సెట్టునకు సాటి లేదు. వెనుక ధ్వని నిజముగా వెనుకనుండియే వచ్చునప్పుడు ఎవరి చెవిడొప్ప ఎట్లున్నను చిక్కులేదు. అద్దె ఇండ్లలో గోడలకు మేకులు కొట్టనీయరు. సోఫా గోడకు ఆనియున్న గదిలో వెనుక స్పీకర్లకు చోటుండదు. సోఫాను అరమీటరైనను ముందుకు జరుపలేనివారు ఆ ఖర్చు పెట్టకుండుటే మంచిది. నడిమి మార్గముగా, విడి వెనుక స్పీకర్లు తరువాత చేర్చుకొనదగిన సౌండుబార్లును కలవు. వాటికి సంకేతము తీగ లేకయే చేరినను, కరెంటు ప్లగ్గు మాత్రము తప్పదు.

మంద్రస్వరపు పెట్టెను ఎచట పెట్టవలెనన్నది కడపటి ప్రశ్న. 4 మీటర్ల గదిలో 43 హెర్ట్జుల ప్రాంతమున స్థిరతరంగము ఏర్పడి, ఒకచోట గుమ్మని మ్రోగును, ఒకచోట ఏమియు వినబడదు. పెట్టెను తాత్కాలికముగా కూర్చుండు కుర్చీపై ఉంచి, మంద్రధ్వనిగల పాటను పెట్టి, గోడల వెంబడి నేలమీద వంగి నడచుచు వినవలెను. ధ్వని ఎచట సమముగా వినబడునో అచటనే పెట్టెను దింపవలెను. మూలమును, శ్రోతను తారుమారు చేసినను ఫలితము మారదు.