యవనవైద్యగ్రంథముల పునరుద్ధరణము



గ్రంథమున నొక యక్షరము తప్పిన పండితునకది పాఠభేదము. వైద్యుని చేతిలో నదియే రోగి ప్రాణమునకు ముప్పు. ఐరోపాఖండమున 15, 16 శతాబ్దులయందలి విద్వాంసులు దీనిని గుర్తించి చేసిన కృషిని నేడు మీకు మనవి చేసెదను.

యవనవైద్యమునకు మూలపురుషుడుగా హిప్పోక్రటీసును జెప్పుదురు. ఆ సంప్రదాయమును విస్తరింపజేసినవాడు, క్రీ. శ. 129 ప్రాంతమున పెర్గమమున జన్మించి రోమునగరమున ప్రసిద్ధిగాంచిన గాలెను. ఇరువురి గ్రంథములును గ్రీకుభాషలోనివే. 9వ శతాబ్దమున బాగ్దాదునందు హునయిన్ మున్నగు పండితులు గాలెను గ్రంథములను పెక్కింటిని అరబ్బీలోనికి దెచ్చిరి. అరబ్బీనుండి కొన్ని లాటినులోనికి వచ్చెను. ఇట్లు భాషలు మాఱినకొలదిని, వ్రాయసగాండ్ర చేతులు మాఱినకొలదిని దోషములు పెరిగెను. తాటాకుప్రతులను సరిచూచిన నాకిది వింతగా దోపదు.

1492లో ఫెరారా పట్టణమున లియొనిచేనో యను వైద్యపండితుడు, రోమనుడైన ప్లీనీ వ్రాతలలోని తప్పులను బయటబెట్టెను. గ్రీకున 'కిస్సోస్' అనగా ప్రాకెడు తీగ. 'కిస్థోస్' అనగా నొక పొద. ప్లీనీ రెంటిని గలిపివేసెనని యతడు చూపెను. పేరు మాఱిన మూలికయు మాఱును గదా! కావున మూలమునే చూడవలెనని పండితులు పట్టుబట్టిరి. 1525లో వెనిసునందలి ఆల్డసు ముద్రాలయము గాలెను గ్రీకుమూలమును 5 సంపుటములుగాను, మఱుసటియేడు హిప్పోక్రటీసు మూలమును ప్రకటించెను. శవపరిచ్ఛేదమును గూర్చిన గాలెను గ్రంథమునకు 1531లో పారిసున గ్వింటరు చేసిన లాటిను అనువాదము వెలువడెను.

ఆ గ్వింటరు శిష్యుడే వెసేలియసు. 1541లో వెనిసున అచ్చయిన గాలెను సంపుటములలో శరీరశాస్త్రభాగములు కొన్నింటిని సవరించినవా డితడే. పడువా విద్యాపీఠమున శవములను స్వహస్తముతో గోసి చూడగా, గాలెను చెప్పినట్లు మనుష్యుని క్రిందిదవుడ రెండెముకలు గాక యొక్కటియే యని తేలెను. గాలెను కోసి చూచినవి కోతులు మున్నగు జంతువులే యని గ్రహించి, 1543లో బాసెలునగరమున తన మహాగ్రంథమును ప్రకటించెను.

పారిసున నతనికి జదువుచెప్పిన సిల్వియసు మండిపడెను. గాలెను తప్పలేదనియు, నాటినుండి మనుష్యశరీరమే మాఱినదనియు వాదించి, 1551లో శిష్యుని వెఱ్ఱివాడని నిందించెను.

ఇది గురుద్రోహమా? నాకట్లు దోపదు. ఎముకలను గంటితో జూచి నేర్వుడని, వీలైన నందుకై అలెగ్జాండ్రియాకు బొండని బోధించినవాడు గాలెనే. ఆ మాట యున్నది గ్వింటరు అనువదించిన గ్రంథముననే. సిల్వియసు గాలెను వాక్యమును గాపాడబూనెను. వెసేలియసు గాలెను చెప్పినట్లు చేసెను.