ఎన్ని గంటలు చదివితే చాలు?

ఇంటర్ చదివే బిడ్డ ఉన్న ఇంట్లో ప్రతి రాత్రి ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది: "ఈరోజు ఎన్ని గంటలు చదివావు?" పక్కింటి అబ్బాయి పన్నెండు గంటలు చదువుతున్నాడట. మామూజాన్ కూతురు హాస్టల్లో తెల్లవారుజామున నాలుగున్నరకే పుస్తకం పడుతుందట. ఈ మాటలు విన్న తల్లికి గుబులు పుడుతుంది. ఆ గుబులు చూసిన బిడ్డ రేపటి నుంచి ఇంకో గంట పెంచుతానంటాడు. ఆ గంట ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ అడగరు. అది చాలాసార్లు నిద్రలో నుంచి వస్తుంది.

నీట్, జేఈఈ, ఈఏపీసెట్ వంటి పరీక్షలకు సన్నద్ధం కావలసిందే. అందులో సందేహం లేదు. ఎంత సన్నద్ధం కావాలన్నదే ప్రశ్న. ఆ కొలతను గడియారం చెప్పలేదు. బిడ్డ రాసిన జవాబు పత్రమే చెప్పగలదు. ఆ పత్రాన్ని చదవడం తల్లిదండ్రులు కూడా నేర్చుకోవాలి.

పరీక్ష ఏమి అడుగుతున్నది?

మూడు పరీక్షలనూ ఒకే గాటన కట్టడం మనలో చాలామంది చేసే పొరపాటు. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. అంటే ప్రశ్నకు ఒక్క నిమిషం. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. మొత్తం 720 మార్కులలో సగం జీవశాస్త్రానిదే. జేఈఈ మెయిన్‌లో అదే మూడు గంటలకు 75 ప్రశ్నలు. అక్కడ ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాలకు పైగా దొరుకుతుంది గాని, ప్రశ్న లోతు ఎక్కువ. ఈఏపీసెట్‌లో మూడు గంటలకు 160 ప్రశ్నలు, తప్పుకు కోత లేదు. కనుక ఒక్క ప్రశ్నను కూడా ఖాళీగా వదలకూడదు.

ఇంటర్ మార్కులను మరచిపోవడం మరో పొరపాటు. ఆంధ్రప్రదేశ్ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణ దానిని తొలగించింది. ఎన్‌ఐటీలో చేరాలంటే జేఈఈ ర్యాంకు ఒక్కటే చాలదు. సాధారణంగా ఇంటర్‌లో 75 శాతం మార్కులైనా ఉండాలి, లేదా బోర్డులో మొదటి 20 పర్సెంటైల్‌లోనైనా నిలవాలి. పోటీ పరీక్ష మోజులో ఇంటర్ పాఠాలను పక్కన పెట్టిన బిడ్డ ఒక ద్వారం తెరుస్తూ మరొక ద్వారం మూసుకుంటున్నాడు.

తప్పులే కొలబద్ద

ఒక ఆదివారం ఉదయం బిడ్డ చేత పాత ప్రశ్నపత్రం ఒకటి రాయించండి. మూడు గంటలు, మధ్యలో లేవకుండా, ఫోను వేరే గదిలో ఉంచి. మార్కులు లెక్కవేశాక అక్కడితో ఆగకండి. తప్పయిన ప్రశ్నలను మూడు కుప్పలుగా విడదీయమనండి. మొదటిది పాఠమే తెలియని ప్రశ్నలు. రెండవది తెలిసీ పొరబడ్డవి. మూడవది సమయం చాలక వదిలేసినవి.

ఈ మూడింటికి మందు ఒకటి కాదు. మొదటి కుప్ప పెద్దదైతే నిజంగానే ఇంకా చదవాలి. గంటలు పెంచడానికి అది న్యాయమైన కారణం. రెండవ కుప్ప పెద్దదైతే గంటలు పెంచితే ఫలితం ఉండదు. నీట్‌లో తెలిసిన ప్రశ్నకు తప్పు వృత్తం దిద్దితే రావలసిన 4 పోయి మరొకటి తగ్గుతుంది. అంటే 5 మార్కుల తేడా. అటువంటివి 20 ఉంటే 100 మార్కులు పోయినట్లే. కొత్త పుస్తకం కొన్నంత మాత్రాన అవి తిరిగి రావు. ప్రశ్నను చివరివరకు చదవడం, చేసిన లెక్కను సరిచూసుకోవడం, రాత్రి సరిగా నిద్రపోవడం వల్లనే వస్తాయి. మూడవ కుప్పకు కావలసినది గడియారం పెట్టుకుని చేసే అభ్యాసం, ఏ ప్రశ్నను వదలాలో తేల్చుకునే తెగువ.

నెల తరువాత మరొక పత్రం రాయించి ఆ కుప్పలనే పోల్చండి. తగ్గుతుంటే సన్నద్ధత సరైన దారిలో ఉన్నది. గంటలు పెరిగినా కుప్పలు తగ్గకపోతే మార్చవలసినది గంటలను కాదు, చదివే పద్ధతిని.

పద్ధతి మాట వచ్చింది గనుక ఒక పరిశోధనను ప్రస్తావించాలి. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత ఒక పాఠాన్ని రెండు విధాలుగా చదివించారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు. మరికొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్షిస్తే మొదటివారే ముందున్నారు. వారం తరువాత పరీక్షిస్తే రెండవవారు ముందున్నారు. పుస్తకం ముందు కూర్చున్న ప్రతి గంటా చదువు కాదని దీని సారాంశం. పుస్తకం మూసి తనను తాను ప్రశ్నించుకున్న గంటే వారం తరువాత పనికివస్తుంది.

రోజుకు ఉన్నవి 24 గంటలే

ఇంటి నుంచి కాలేజీకి వెళ్లే బిడ్డ రోజును ఒక కాగితం మీద వేసి చూడండి. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసు వారికి 8 నుంచి 10 గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్య నిపుణుల సిఫారసు. కనీసం 8 అనుకుందాం. కాలేజీకి 7, ప్రయాణానికి ఒకటి, స్నానం, భోజనాలకు 2, ఐదు పూటల నమాజుకు ఒకటి, నడకకో ఆటకో ఒకటి. మొత్తం 20. మిగిలినవి 4 గంటలు. ఆ నాలుగింటిని చక్కగా వాడుకున్న బిడ్డ రోజుకు సరిపడా చదివినట్లే. కాలేజీలో స్టడీ అవర్ల పేరిట రాత్రి వరకు ఉంచితే అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇంటికి వచ్చాక మరో నాలుగు గంటలు అడగడం నిద్రను అమ్ముకోమని చెప్పడమే.

ప్రభుత్వాలు, న్యాయస్థానాలు కూడా ఈ హద్దును గుర్తించాయి. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. పదహారేళ్లలోపు వారిని చేర్చుకోకూడదు. రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు నడపకూడదు. వారానికి ఒక సెలవు ఇవ్వాలి, ఆ మరునాడు పరీక్ష పెట్టకూడదు. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని మరణించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు మరికొన్ని ఆదేశాలిచ్చింది. మార్కులను బట్టి విద్యార్థులను బ్యాచ్‌లుగా వేరుచేయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలన్నది వాటిలో ఒకటి. బిడ్డను చేర్చేముందు ఈ నియమాల గురించి యాజమాన్యాన్ని అడిగే హక్కు మనకుంది. ఫీజు గురించి నాలుగుసార్లు బేరమాడే మనం వారపు సెలవు గురించి ఒక్కసారైనా అడగాలి.

ఎనిమిదో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సులు అవసరమా అని కొందరు అడుగుతారు. ఆ వయసులో గణితం, సైన్సు పాఠాలు అర్థమవడం, రోజూ కొంతసేపు చదివే అలవాటు పడడం చాలు. ఇంటర్ మొదటి సంవత్సరంలో ఏ రోజు పాఠాన్ని ఆ రోజే ప్రశ్నలతో పూర్తిచేయాలి. పూర్తి నిడివి పరీక్షలను రెండవ సంవత్సరంలో పెంచుకోవాలి.

మన ఇళ్లలో మరొక లెక్క కూడా ఉంది. 2025లో రంజాన్ మాసం, ఇంటర్ వార్షిక పరీక్షలు దాదాపు ఒకేసారి, మార్చి తొలివారంలో మొదలయ్యాయి. చాంద్రమానం ప్రకారం రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. కనుక రాబోయే సంవత్సరాల్లో ఫిబ్రవరి, జనవరి నెలల్లో, అంటే సన్నద్ధత ముమ్మరంగా సాగే రోజుల్లో వస్తుంది. పూర్తి నిడివి పరీక్షలను రంజాన్‌కు ముందే ఎక్కువగా ముగించి, ఆ నెలలో పునశ్చరణకు ప్రాధాన్యమివ్వడం మేలు. తరావీహ్, సెహ్రీల మధ్య తగ్గిన నిద్రకు జుహర్ తరువాత కొంత చోటు కల్పించాలి.

ఆడపిల్లకు సమయం ఎవరిస్తారు?

ఇంతవరకు చెప్పినది ఎక్కువగా చదివించడం గురించి. తక్కువగా చదవనివ్వడం కూడా మన ఇళ్లలో ఉంది. అదే ఇంట్లో, అదే పరీక్షకు అన్న గది తలుపు వేసుకుని చదువుతుంటే చెల్లెలు రొట్టెలు చేస్తుంటుంది, చుట్టాలు వస్తే చాయ్ కప్పులు అందిస్తుంటుంది. ఆమె నాలుగు గంటలు రెండుగా మారతాయి. ఫలితాలు వచ్చాక మాత్రం ఇద్దరినీ ఒకే ర్యాంకుతో తూచుతారు. "ఈసారి సీటు రాకపోతే నికాహ్ చేసేద్దాం" అన్న మాటను ఆమె చెవిన వేసి చదవమంటే, ఆ భయంతో తెలిసిన జవాబు కూడా తప్పుతుంది. ఇంటిపని ఇద్దరికీ సమానంగా పంచడం ఆడపిల్ల సన్నద్ధతలో మొదటి మెట్టు.

మరో సంవత్సరమా?

నీట్ రాసేవారు 20 లక్షలకు పైనే. ఎంబీబీఎస్ సీట్లు వాటితో పోలిస్తే చాలా తక్కువ, లక్ష పైచిలుకు మాత్రమే. బాగా చదివిన బిడ్డకు కూడా సీటు రాకపోవచ్చు. అప్పుడు లాంగ్‌టర్మ్ ప్రస్తావన వస్తుంది. నీట్‌కు ఇన్నిసార్లే రాయాలన్న పరిమితి లేదు. అందుకే ఆ పరిమితిని ఇంట్లోనే పెట్టుకోవాలి. మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. చివరి నెలల్లో మార్కులు పెరుగుతూ వచ్చాయా? మళ్లీ రాయాలన్న కోరిక బిడ్డదేనా, లేక మనదా? అప్పు చేయకుండా ఆ ఖర్చు భరించగలమా? మూడింటికీ అవునంటే ఒక సంవత్సరం ఇవ్వండి. ఒక్కదానికైనా కాదంటే బీఎస్సీ, ఫార్మసీ, నర్సింగ్, ఫిజియోథెరపీ వంటి దారులను ఓటమిగా కాక మరో చదువుగా చూడండి. ఈ మాటలు ఫలితాల రోజున కాదు, పరీక్షకు ఎన్నో నెలల ముందే అనుకోవాలి. రెండో దారి ఉన్నదని తెలిసిన బిడ్డ పరీక్ష గదిలో కొంత నిబ్బరంగా కూర్చుంటాడు.

ఈ వారంలో ఒకరోజు ఇషా నమాజు తరువాత బిడ్డతో కూర్చోండి. ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: రోజుకు చదివే గంటల గరిష్ఠ పరిమితి, నిద్రపోయే వేళ, తదుపరి నమూనా పరీక్ష తేదీ. కింద ఇద్దరూ సంతకం చేయండి. రేపటి నుంచి ఎన్ని గంటలు చదివావని అడగకండి. "ఈరోజు ఏ తప్పును దిద్దుకున్నావు?" అని అడగండి. ఆ ప్రశ్నకు బిడ్డ అబద్ధం చెప్పవలసిన అవసరం ఉండదు.