మీకు తెలుసా? పాట సాగుతుంటే డిస్క్ ఆగిపోయేది!

2001 అక్టోబరులో ప్రకటించిన తొలి ఐపాడ్‌లో పాటలుండేది 5 జీబీ హార్డ్ డిస్క్ మీద. తోషిబా చేసిన 1.8 అంగుళాల బుల్లి డిస్క్ అది. జేబులో వెయ్యి పాటలని యాపిల్ గొప్పగా చాటుకున్నది దాని అండ చూసుకునే. అయితే మనం పాట వింటున్నంతసేపూ అది తిరిగేది కాదు, చాలాసేపు కదలకుండా ఉండేది.

డిస్క్ తిరిగితే బ్యాటరీ ఖర్చు, పరుగెడుతూ వింటే కుదుపులకు పాట తెగే భయం. అందుకని లోపల విడిగా 32 ఎంబీ మెమరీ చిప్ పెట్టారు. మోటారు కాసేపు వేసి మేడ మీది ట్యాంకు నింపి కట్టేస్తాం కదా, అదే పద్ధతి. డిస్క్ కొన్ని క్షణాలు తిరిగి, రాబోయే పాటల్ని చిప్‌లో నింపి ఆగిపోయేది. ఆపైన దాదాపు 20 నిమిషాలు పాటలు వచ్చేది చిప్ నుంచే. ఒక్క పాటా పూర్తిగా వినకుండా మార్చేవాళ్ల ఐపాడ్ ఛార్జింగ్ త్వరగా అయిపోయేది ఇందుకే: డిస్క్‌ని మాటిమాటికీ లేపాలి మరి!

ఈ 32 ఎంబీకి ఇంకో కథ ఉంది. 1998లో అమెరికాలో వచ్చిన డైమండ్ రియో మ్యూజిక్ ప్లేయర్‌ లోపల పాటలకు ఉన్న చోటంతా కలిపి అంతే! సుమారు అరగంట పాటలు. అది ఫ్లాష్ మెమరీ, కదిలే భాగమేదీ లేదు, కుదిపినా పాట ఆగదు. కానీ ఆనాటి ధరకు ఫ్లాష్‌లో 5 జీబీ ఇవ్వడం అయ్యే పని కాదు.

ధర దిగాక లెక్క తారుమారైంది. ఒక అంగుళం డిస్క్‌తో బాగా అమ్ముడవుతున్న ఐపాడ్ మినీని 2005 సెప్టెంబరులో యాపిలే ఆపేసి, ఫ్లాష్‌తో పలచటి నానోను తెచ్చింది. నడుస్తున్న సరుకును అలా పక్కన పెట్టడానికి గుండె ధైర్యం కావాలి. తమాషా ఏమిటంటే, ఫ్లాష్‌ను కనిపెట్టిన ఫుజియో మసువోకా కూడా అప్పట్లో తోషిబా ఇంజినీరే.

డిస్క్ మాత్రం వెంటనే పోలేదు. 160 జీబీ ఐపాడ్ క్లాసిక్ 2014 దాకా అమ్మకంలో ఉంది. ఇప్పటికీ కొందరు ఔత్సాహికులు దాన్ని విప్పి, డిస్క్ తీసేసి, ఆ చోట మెమరీ కార్డు బిగించుకుని వాడుతున్నారు.