పళ్ళ విరేచనాలని ఊరుకోకండి

పసిబిడ్డకు విరేచనాలు పట్టుకున్నప్పుడు మా నిడదవోలు ప్రాంతపు ఇళ్ళలో పెద్దలు ముందుగా అనే మాట ఒకటున్నది. "పళ్ళు వస్తున్నాయి, అందుకే. రెండు రోజుల్లో అదే తగ్గిపోతుంది." ఈ మాట చాలా సందర్భాలలో నిజమైనట్లే కనిపిస్తుంది, ఎందుకంటే చాలామంది పిల్లలకు విరేచనాలు వాటంతట అవే తగ్గుతాయి. తగ్గని బిడ్డ విషయంలో మాత్రం ఆ రెండు రోజులే ప్రాణాపాయమవుతాయి. కనుక పళ్ళకూ విరేచనాలకూ గల సంబంధమేమిటో ప్రతి తల్లీ తెలుసుకొని ఉండడం అవసరం.

వాగ్భటుడు ఏమన్నాడు?

ఈ నమ్మకం మన అమ్మమ్మలు కల్పించినది కాదు. అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో వాగ్భటాచార్యుడు దంతోద్భేదాన్ని, అనగా పళ్ళు మొలవడాన్ని, శిశువుల సమస్త రోగాలకు కారణంగా చెప్పి, అందులో జ్వరం, విరేచనాలు, దగ్గు, వాంతులు, తలనొప్పి ప్రత్యేకంగా పేర్కొన్నాడు. కాశ్యపసంహితలో దంతాల పుట్టుక గురించి ఒక అధ్యాయమే ఉన్నది. అయితే వాగ్భటుడు అక్కడితో ఆగలేదు. పళ్ళు వచ్చేటప్పటి బాధలు పళ్ళు వచ్చాక తామే శమిస్తాయి గనుక కఠినమైన నియమాలతో బిడ్డను హింసించవద్దని కూడా హెచ్చరించాడు. మనం మొదటి మాటను పట్టుకొని రెండవ మాటను వదిలివేశాము. పాలు మాన్పించడం, నీళ్ళు ఇవ్వకపోవడం, మాత్రలు మింగించడం ఇవన్నీ ఆయన వద్దన్న యంత్రణలే.

ఆ వయసులో అసలు జరిగేది

సాధారణంగా ఆరవ నెల ప్రాంతంలో మొదటి పన్ను కనిపిస్తుంది. ఇంచుమించు మూడు సంవత్సరాలు నిండేసరికి ఇరవై పాలపళ్ళూ వస్తాయి. చిగుళ్ళు ఉబ్బడం, చొల్లు కారడం, చిరాకు, ఒళ్ళు కొంచెం వెచ్చబడడం, ఇవి పళ్ళ వల్ల కలిగేవే. అధిక జ్వరం, నీళ్ళ విరేచనాలు మాత్రం పళ్ళ వల్ల రావు.

మరి రెండూ ఒకేసారి ఎందుకు కనిపిస్తాయి? ఆ వయసులోనే తల్లి నుండి వచ్చిన రక్షణ శక్తి బిడ్డలో తగ్గుతుంది. ఆ వయసులోనే పైఆహారం మొదలవుతుంది. బిడ్డ పాకడం నేర్చి, చిగుళ్ళ దురదకు చేతికందినదల్లా నోట పెట్టుకుంటుంది. చెప్పు, చీపురుపుల్ల, నేలమీద పడిన బొమ్మ, అన్నీ నోటిలోకే! క్రిములు ఆ దారిన లోపలికి పోతాయి. పన్ను కనిపిస్తుంది గనుక నింద దాని మీద పడుతుంది. క్రిమి కంటికి కనబడదు.

మా ఊరికి మరొక కారణం కూడా ఉన్నది. విజ్జేశ్వరం వద్ద మొదలయ్యే పశ్చిమ డెల్టా కాలువే మా ప్రాంతానికి జీవనాధారం. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు మంచినీటి చెరువులు అడుగంటుతాయి. మళ్ళీ నీరు వదిలినప్పుడు తొలి ప్రవాహం కాలువలో పేరుకున్న చెత్తనంతా మోసుకొని వస్తుంది. ఆ రోజులలో నీటి విషయమై జాగ్రత్త రెట్టింపు కావాలి.

ప్రమాదం విరేచనంలో కాదు, నీరు పోవడంలో ఉన్నది

కొన్నాళ్ళ క్రిందట మా వీధిలో పది నెలల బాబుకు ఉదయం నుండి ఏడెనిమిది విరేచనాలైనాయి. నాయనమ్మగారు "పళ్ళమ్మా, మామూలే" అని, మాడు గుంటపడినదని ఆముదం అద్ది, పాలు త్రాగితే మళ్ళీ పోతుందని పాలు ఆపించారు. మధ్యాహ్నానికి బిడ్డ ఏడవడం మానివేశాడు. నిద్రపోతున్నాడని ఇంటివారు ఊరటపడ్డారు. బరువు చూడడానికి వచ్చిన ఆశా కార్యకర్త మాత్రం పొట్టమీది చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలింది. ముడత వెంటనే పోలేదు. "ఎప్పుడు ఉచ్చ పోశాడండీ?" అని అడిగితే తల్లికి జవాబు తోచలేదు. ప్యాకెట్టు కలిపి చెంచాతో పట్టిస్తూనే ఆటోలో ఆసుపత్రికి తీసుకొనిపోయారు. మర్నాటికి బిడ్డ కోలుకున్నాడు. అప్పుడు ఆ నాయనమ్మగారే నాతో, "మాడు గుంట పడడమంటే ఒంట్లో నీరు లేకపోవడమటండీ, ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు" అన్నారు.

ఈ గుర్తులు ప్రతి ఇంటా తెలిసి ఉండాలి. మాడు, కళ్ళు గుంటలు పడడం, ఏడ్చినా కన్నీరు రాకపోవడం, నోరు ఎండిపోవడం, ఆరు గంటలుగా మూత్రం పోయకపోవడం, ఆత్రంగా నీరు త్రాగడం లేదా అసలు త్రాగలేకపోవడం, మత్తుగా పడి ఉండడం. మాడుపై ఆముదం అద్దినందువల్ల లోపలి నీరు తిరిగి రాదు. నీరు నోటి ద్వారానే పోవాలి.

పేలాల గంజి నుండి ప్యాకెట్టు వరకు

అతిసారంలో దప్పికకు, నీరసానికి లాజమండం, అనగా పేలాల గంజి, ఇవ్వడం ఆయుర్వేదంలో ప్రసిద్ధమైన పద్ధతి. ఆమదశలో, అనగా విరేచనాల ఆరంభంలోనే, బిగించే మందు ఇవ్వరాదని చరకుడు స్పష్టంగా చెప్పాడు. నేటి వైద్యులు కూడా పసిపిల్లలకు విరేచనాలు ఆపే మాత్రలు వద్దంటున్నారు.

ఉప్పు, తీపి కలిసినప్పుడే ప్రేగు గోడ వాటిని జతగా లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీరు కూడా పోతుంది. ఈ సూత్రాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ వివరించాడు. విరేచనాలు ఎంత తీవ్రంగా ఉన్నా ఈ దారి చాలావరకు మూసుకుపోదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల మధ్య కలరా చెలరేగినప్పుడు బన్‌గావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోగా డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటినే త్రాగించారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపునకు తగ్గాయి. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

నేడు వాడుకలో ఉన్న ఓ.ఆర్.ఎస్. మిశ్రమాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో సవరించింది. లీటరు నీటికి ఒక పెద్ద ప్యాకెట్టు, 20.5 గ్రాములు, పూర్తిగా కలపాలి. సగం ప్యాకెట్టు గ్లాసులో కలపడం, రుచికి పంచదార చేర్చడం తప్పు. కలిపినది 24 గంటల తరువాత పారబోయాలి. రెండేళ్ళలోపు బిడ్డకు ప్రతి విరేచనం తరువాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, ఆపై వయసు పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు చెంచాతో నిదానంగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మరింత నిదానంగా మొదలుపెట్టాలి.

ప్యాకెట్టు దొరకనిచో కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చదును చెంచాల పంచదార, అర చదును చెంచా ఉప్పు కలపండి. రుచి చూస్తే కన్నీటికంటే ఉప్పగా ఉండరాదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు ఉప్పు వేసిన పలుచని బియ్యపు గంజి, పేలాల గంజి, పులవని మజ్జిగ కూడా మంచివే. ఆరు నెలలలోపు బిడ్డకు తల్లిపాలు, ఓ.ఆర్.ఎస్. తప్ప వేరేమీ వద్దు. ఏ వయసులోనైనా తల్లిపాలు ఆపరాదు. వైద్యుని సలహాతో జింకు కూడా 14 రోజులు ఇవ్వాలి. ఆరు నెలలు దాటితే రోజుకు 20 మిల్లీగ్రాములు, లోపువారికి 10.

దుకాణాలలో డబ్బాలలో అమ్మే తీపి పానీయాలు ఓ.ఆర్.ఎస్. కావు. వాటిలోని అధిక చక్కెర విరేచనాలను పెంచుతుంది. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి చేసిన పోరాటం తరువాత, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాలపై ఆ పేరు వాడరాదని ఆదేశించింది.

చేయకూడనివి

జాజికాయ అరగదీసి పదేపదే నాకించవద్దు, మోతాదు మించితే అది విషం. ఏడాది నిండని బిడ్డ చిగుళ్ళకు తేనె రాయవద్దు. లవంగ నూనె కూడా వద్దు. చిగుళ్ళ దురదకు శుభ్రమైన వేలితో మెల్లగా రుద్దడం, చల్లని శుభ్రమైన తడిగుడ్డ కొరకనివ్వడం చాలును. మొదటి పన్ను వచ్చిననాటి నుండే రాత్రి పాలు పట్టిన తరువాత తడిగుడ్డతో తుడవడం అలవాటు చేస్తే పాలపళ్ళు పుచ్చే అవకాశం తగ్గుతుంది.

ముందు జాగ్రత్త

పసిపిల్లల తీవ్ర విరేచనాలకు ముఖ్య కారణాలలో రోటావైరస్ ఒకటి. దీనికి నోటి చుక్కల టీకా ఉన్నది. హైదరాబాదులో తయారైన రోటావాక్‌తో 2016లో ప్రభుత్వ టీకాల కార్యక్రమం మొదలైన నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో ఈ టీకాను ఉచితంగా వేస్తారు. దీనితోపాటు నీరు కాచి వాడడం, బిడ్డను కడిగిన తరువాతా వంటకు ముందూ సబ్బుతో చేతులు కడుక్కోవడం, ఉగ్గుగిన్నెను ప్రతిసారి మరిగే నీటితో కడగడం పాటించాలి. పాలసీసాకు బదులు గిన్నె, చెంచా వాడితే మరీ మంచిది.

విరేచనంలో రక్తం కనిపించినా, త్రాగినదంతా కక్కుతున్నా, బిడ్డ మత్తుగా ఉన్నా, పైన చెప్పిన గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా ఇంటి వైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. దారిలో కూడా చెంచాతో నీరు పట్టుతూనే ఉండండి. పన్ను తన సమయానికి తాను వస్తుంది. బిడ్డ ఒంటిలో నీరు నిలుపుకొనే పని మాత్రం మనదే. ఇంట్లో రెండు ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోండి.