ఇనుప చొక్కా, అద్దాల రవిక



పోయిన చలికాలం మనమంతా హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చూడటానికి పోయినాము గదా. బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే గడియారం దగ్గర అందరూ కూర్చుంటే, నేను ఆయుధాల గదిలో ఉండిపోయినాను. బస్సు ఎక్కేటప్పుడు సోషల్ సారుతో తిట్లు కూడా తిన్నాను. అక్కడ చూసినవి, తర్వాత సారును అడిగి తెలుసుకున్నవి, లైబ్రరీ పుస్తకంలో చదివినవి కలిపి ఇక్కడ రాస్తున్నాను. చివర మా నానమ్మ సంగతి కూడా ఉన్నది. అది ఎందుకు వచ్చిందో చదివితే మీకే తెలుస్తుంది.

ముందు మ్యూజియం గురించి రెండు మాటలు. అక్కడి వస్తువుల్లో చాలా భాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889–1949) సేకరించినవి. ఆయన 1912 నుంచి 1914 దాకా నిజాం దగ్గర ప్రధానమంత్రిగా పనిచేసినాడు. 1951లో ఆయన ఉన్న దివాన్ దేవిడీలోనే నెహ్రూ గారు మ్యూజియం ప్రారంభించినారు. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనానికి మార్చినారు.

ఇక కవచాల సంగతి. పాతకాలం సిపాయి ఒంటికి తొడుక్కునే ఇనుప చొక్కా గుడ్డ లెక్క నేసింది కాదు. చిన్నచిన్న ఇనుప రింగులను ఒకదానిలో ఒకటి దూర్చి అల్లుతారు. కత్తి దెబ్బ తగిలితే చర్మం తెగకుండా ఆపుతుంది. దాని మీద ఇంకొకటి కట్టుకునేవాళ్ళు. ఛాతీకి ఒకటి, వీపుకు ఒకటి, రెండు పక్కలకు రెండు, మొత్తం నాలుగు ఉక్కు పలకలు. పారసీ భాషలో దాని పేరు చహార్ ఆయినా. అంటే నాలుగు అద్దాలు! పలకలను అద్దం మాదిరి మెరిసేటట్టు రుద్దుతారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఈ మాట మనసులో పెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పెద్ద పెద్ద సర్దార్ల పలకల మీద బంగారు పూలు, తీగలు ఉంటాయి. ఆ పనిని కోఫ్త్‌గారీ అంటారు. ఉక్కు మీద సన్నని ఉలితో అడ్డం నిలువు గీతలు గీకి గరుకు చేస్తారు. ఆ గరుకు మీద బంగారు తీగ పెట్టి సుత్తితో మెల్లగా కొడితే తీగ పట్టుకుంటుంది. తర్వాత నున్నటి రాయితో రుద్దుతారు. ఒక్క పలకకే రోజుల తరబడి పని.

"సార్, యుద్ధంలో దెబ్బలు తినేదానికి బంగారం ఎందుకు?" అని అడిగినాను. సారు నవ్వి, "దెబ్బలు తినేది సిపాయి చొక్కా. ఇది దర్బారులో కూర్చునే చొక్కా" అన్నారు. అప్పుడు అర్థమయింది. అదే మ్యూజియంలో జహంగీర్ బాకు ఉన్నది, నూర్జహాన్ పండ్లు కోసే కత్తి ఉన్నది. రెండింటికీ రత్నాలు పొదిగినారు. వాటి అసలు పని కోయడం కాదు, ఇది ఎవరిదో చూసినవాళ్ళకు చెప్పడం.

ఈ సంగతి బాగా తెలిసేది జపాన్‌లో. మ్యూజియం జపాన్ విభాగంలో సమురాయ్ కత్తులున్నాయి. సమురాయ్‌లంటే అక్కడి యోధులు. వాళ్ళ కవచం బొమ్మ పుస్తకంలో చూసినాను. చిన్నచిన్న ఇనుప, తోలు బిళ్ళలను వరుసలుగా పేర్చి రంగురంగుల పట్టు తాళ్ళతో కట్టుతారు. తుప్పు పట్టకుండా లక్క పూస్తారు. మన గాజుల లక్క పురుగు నుంచి వస్తే, వాళ్ళ లక్క ఒక చెట్టు పాల నుంచి తీసేది. నెత్తిన టోపీకి ముందు గుర్తు ఉంటుంది. సెందాయ్ ప్రభువు దాతె మసమునె (1567–1636) టోపీకి పెద్ద నెలవంక ఉండేది. ఎంత దూరం నుంచి చూసినా ఆయనే అని తెలిసేది.

1615 తర్వాత అక్కడ రెండు వందల ఏండ్లకు పైగా పెద్ద యుద్ధాలు దాదాపు లేవు. 1637–38లో షిమబారా తిరుగుబాటు ఒక్కటే పెద్దది. మరి కవచాలు చేయడం ఆగిందా? ఆగలేదు. ఇంకా అందంగా చేసినారు! ఇంట్లో పీట మీద నిలబెట్టడానికి, ఊరేగింపుకు, బహుమానం ఇవ్వడానికి. 1613లో జపాన్ షోగున్ ఇంగ్లండు రాజు జేమ్స్‌కు రెండు కవచాలు పంపినాడు. తూటా ముందు ఆగకపోయినా, వాటి ముందు మనుషులు ఆగి చూసేవాళ్ళు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఒకటి. మ్యోచిన్ అనే వంశం కమ్మరులు టోపీ లోపలి వైపు తమ పేరు చెక్కేవాళ్ళు. బయట ప్రభువు గుర్తు, లోపల కమ్మరి పేరు. మన దగ్గర అట్లా పేరు మిగిలినవాళ్ళు తక్కువ. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం పారసీక దేశం నుంచి వర్తకులు వచ్చేవాళ్ళు. కత్తి పట్టిన నవాబు పేరు పుస్తకంలో ఉన్నది. మూస ముందు కూర్చొని కొలిమి ఊదినాయన పేరు లేదు.

ఇప్పుడు మా నానమ్మ సంగతి. తండాలో మేము దాదీ అంటాము. నేను ఏడో తరగతిలో చేరినప్పుడు ఒక ఆదివారం దాదీ నన్ను చూడటానికి వచ్చింది. పేటియా, కాంచళి, నెత్తిన టుక్రి, మోచేతుల పైదాకా గాజులు. నడిస్తే గలగల శబ్దం. గేటు దగ్గర కొందరు "సర్కస్ వచ్చింది" అని నవ్వినారు. వాళ్ళను ఏమనను, నేనే దాదీని తొందరగా బస్టాండుకు తీసుకపోయినాను. సద్దిమూట కూడా బస్టాండులోనే విప్పినాము. తర్వాతిసారి దాదీ చీర కట్టుకొని వచ్చింది. ఎందుకు అని నేను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

మ్యూజియంలో "నాలుగు అద్దాలు" అనే మాట విన్నప్పుడు దాదీ కాంచళి గుర్తుకొచ్చింది. సంక్రాంతి సెలవులకు పోయి పెట్టె తెరిపించినాను. లెక్కపెడితే ముందు వైపే 64 అద్దాలు! ఒక్కొక్క అద్దం చుట్టూ దారంతో చట్రం కుట్టి బిగించాలి. జిగురు లేదు. అంచుకు పాత రూపాయి బిళ్ళలున్నాయి. భుజం దగ్గరి గాజులు పెళ్ళయినామెకు గుర్తు, చెవుల పక్కన వేలాడే ఘుగ్రి కూడా అంతే. తెలిసినవాళ్ళు చూస్తే చదువుకోవచ్చు, నెలవంక టోపీని చదివినట్టే.

కానీ ఒక తేడా ఉన్నది. సమురాయ్ తన కవచం తాను చేసుకోలేదు, నవాబు తన పలక మీద బంగారం తాను కొట్టలేదు. దాదీ మాత్రం పగలంతా కూలికి పోయి, రాత్రి దీపం ముందు తన బట్ట తానే కుట్టుకున్నది. బయట గుర్తు ఆమెదే, లోపలి పేరు ఆమెదే.

పోయిన ఏడాది ఒక వ్యాపారి తండాకు వచ్చి పాత కాంచళులు కొనుక్కపోయినాడట. దాదీ ఒకటి అమ్మింది. "నువ్వు తొడగవు, మీ అమ్మ తొడగదు, ఎలుకలకా?" అన్నది. నా దగ్గర జవాబు లేకపోయింది. అందుకే ఇప్పుడు ఆదివారాలు అద్దం కుట్టడం నేర్చుకుంటున్నాను. నాలుగు కుట్టినాను, రెండు ఊడిపోయినాయి.

మిత్రులారా, మీ ఇంట్లో కూడా ఇట్లాంటిది ఏదో ఉంటుంది. ఎవరు చేసినారో అడిగి పేరు రాసి పెట్టండి. వార్డెన్ మేడంకు ఒక మనవి: వచ్చే నెల తల్లిదండ్రుల ఆదివారం దాదీని పేటియా, కాంచళి తొడుక్కొని రమ్మని ఫోనులో చెప్పినాను. ఈసారి గేటు దగ్గర కాదు, మెస్సులో మనందరి నడుమ కూర్చోపెట్టి అన్నం పెట్టాలని ఉన్నది.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థిని,
షాద్‌నగర్